శిల్పారామంలో బేరం

బేరమాడడం ఒక కళ అంటారు. అరవై నాలుగు కళల్లో దానికి చోటు ఉందో లేదో నాకు తెలియదు గానీ, మా కాలనీలో మాత్రం ఆ కళకు నేనే ఆస్థాన విద్వాంసురాలిని. తోటకూర కట్ట దగ్గర్నుంచి పెళ్ళి మండపం అద్దె దాకా ఎవరికి ఏ బేరం కుదరకపోయినా నాకే కబురు పెడతారు. నా పద్ధతి చాలా సులువు. ముందు వస్తువు నచ్చనట్టు మొహం పెట్టాలి. తరవాత సగం ధర అడగాలి. అవతలివాడు నవ్వితే రెండడుగులు వెనక్కి వెయ్యాలి. మూడో అడుగు పడకముందే వాడు పిలుస్తాడు. ముప్ఫయ్యేడేళ్ళ సంసారంలో పిలవనివాళ్ళు ముగ్గురో నలుగురో ఉంటారు, అంతే. మా వారు మాత్రం నేను నోరు విప్పగానే పది గజాల దూరం పోయి, ఈవిడెవరో తనకు తెలియనట్టు ఎదుటి గోడమీది పోస్టరు చదువుతూ నిలబడతారు. ఆ రకంగా ఆయనకు ఊళ్ళో ఆడే సినిమాలన్నీ తెలుసు.

ఇంత పేరున్న దాన్ని, కిందటి డిసెంబరులో శిల్పారామంలో ఒక చీర దగ్గర చిత్తుగా ఓడిపోయాను. ఎవరి చేతిలోనో చెబుతాను.

మా కోడలు ఫోన్ చేసింది. "అత్తయ్యగారూ, శిల్పారామంలో చేతిపనుల మేళా పెట్టారండీ. ఆదివారం అందరం వెళ్దాం. అమ్మమ్మగారిని కూడా తీసుకురండి. లోపల పాతకాలపు పల్లెటూరు కట్టి పెట్టారు కదా, ఆవిడకి కాలక్షేపంగా ఉంటుంది" అంది. కోడలిది గుంటూరు వైపు. మంచి పిల్ల. కానీ మా అమ్మకి పల్లెటూరు చూపించడమేమిటి చెప్పండి! ఆవిడ పోచంపల్లి దగ్గరి మా ఊరి నుంచి బస్సెక్కి వచ్చి అప్పటికి నాలుగు రోజులే అయింది.

వచ్చింది కూడా సరదాకి కాదు, కుడి భుజం చూపించుకోవడానికి. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆ చెయ్యి భుజం ఎత్తు దాటి పైకి లేవదు. జడ వేసుకోవాలంటే తలను చేతి దగ్గరకు వంచుతుంది. డాక్టరు ఫిల్ములు వెలుగుకు పెట్టి చూసి, "ఏం పని చేసేవారమ్మా?" అని అడిగారు. "ఏం లేదు సారూ, ఇంట్లనే ఉంటుంటి" అంది మా అమ్మ. నేను పక్కనే ఉన్నాను. ఏదో అనబోయి ఊరుకున్నాను. డాక్టరు మాత్రలు రాసి, చెయ్యి ఎక్కువ ఆడించవద్దన్నారు.

సరే, ఆదివారం పొద్దున్నే నాగోలులో మెట్రో ఎక్కాం. శనివారం నాడే అబ్బాయి మనవరాల్ని మా దగ్గర దింపి వెళ్ళాడు గనక అది కూడా మాతోనే ఉంది. మా వారికి రైలెక్కితే జ్ఞానం పొంగుతుంది. ఈ లైను అమీర్‌పేట దాకా 2017 నవంబరులో వచ్చిందనీ, అక్కణ్ణుంచి హైటెక్ సిటీకి 2019 మార్చిలో పొడిగించారనీ మా అమ్మకు వివరంగా చెప్పారు. "మంచిగున్నది అల్లుడూ" అంది ఆవిడ, అన్నిటికీ కలిపి. ఆవిడ దృష్టంతా ఎదురుగా నిలబడ్డ అమ్మాయి చున్నీ మీద ఉంది. నాకు చెవిలో చెప్పింది: "అచ్చు గుద్దింది. నేసింది గాదు."

హైటెక్ సిటీలో దిగి పైనుంచి చూస్తే ఎటు తిరిగినా అద్దాల మేడలే. ఎండకు ఒకదాని మొహం ఇంకొకదానిలో మెరుస్తున్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడ నిలబడి ఎన్నంతస్తులో లెక్కపెడతారు, లేకపోతే ఎన్ని జీతాలో లెక్కపెడతారు. మా అమ్మ కాసేపు చూసి, "గీ అద్దాలన్నీ ఎవలు తుడుస్తరు బిడ్డా?" అని అడిగింది. మా వారి దగ్గర దానికి తేదీ లేదు.

చాలామంది అనుకునేది ఏమిటంటే, కంప్యూటరు కంపెనీలు వచ్చాక ఆ ఉద్యోగులకి కాస్త పల్లెగాలి తగలాలని మధ్యలో శిల్పారామం పెట్టారని. సంగతి తిరగేసి ఉంది. శిల్పారామం 1992 నాటిది. పదంతస్తుల సైబర్ టవర్స్ తెరిచింది 1998 నవంబరులో. అంటే కుమ్మరి, కమ్మరి, సాలె వాళ్ళే ఇక్కడ ముందొచ్చిన కాపురస్థులన్నమాట. అప్పటికి మాదాపూరంటే బండలూ తుప్పలే. ఆ అరవై అయిదెకరాల్లో ఇప్పటికీ ఆ బండలు కొన్ని అట్లాగే ఉన్నాయి. వాటిమీద పిల్లలు జారుతుంటారు, జంటలు కూర్చుంటారు.

గేటు దగ్గర అబ్బాయీ కోడలూ కలిశారు. ముందు పల్లెటూరు చూద్దామన్నారు. పూరిళ్ళు, మట్టి అరుగులు, ముగ్గులు, వాటి ముందు నిలువెత్తు మనుషుల బొమ్మలు. కుండ చేసేవాడు, బండి చక్రం చెక్కేవాడు, చాప అల్లే ఆమె. నిజం చెప్పొద్దూ, బాగా చేశారు. దూరం నుంచి చూస్తే పలకరించబుద్ధేస్తుంది. మా మనవరాలు ప్రతి బొమ్మ పక్కనా నిలబడి ఫోటో తీయించుకుంది.

మగ్గం ముందు కూర్చున్న బొమ్మ దగ్గర మా అమ్మ ఆగిపోయింది. చేతికర్ర మీద గడ్డం ఆనించి చాలాసేపు చూసింది. "బాగుంది కదండీ అమ్మమ్మగారూ?" అంది కోడలు.

"మంచిగనే ఉన్నడు. మరి ఒక్కడే కూసున్నడేంది? పెండ్లామేది? పిల్లలేరి? ఒక్కడు నేస్తే చీర అయితదా?"

కోడలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ లేని పెళ్ళాం ఏం చేస్తుండాలో నాకు తెలుసు. ఆసు పోస్తూ ఉండాలి.

ఆసు అంటే ఈ కాలంవాళ్ళకు తెలియదు గనక చెబుతాను. పోచంపల్లి చీరలో రంగు వేసేది గుడ్డమీద కాదు, నూలు మీద. నేయకముందే, ఏ పోగులో ఏ చోట ఏ రంగు రావాలో లెక్క కట్టి, వద్దన్న చోట రబ్బరు పీలికలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు పట్టదు. విప్పి, మరో చోట కట్టి, మరో రంగు. ఇదంతా చెయ్యాలంటే ముందు పోగులన్నీ కొలత ప్రకారం ఒక చట్రం మీద పరుచుకోవాలి. ఒక పక్క ఒంటి మేకు, రెండో పక్క అర్ధచంద్రంలా వరసగా మేకులు. దారం చేత్తో పట్టుకుని, ఆ ఒంటి మేకు నుంచి ఈ వరసలోకి, వరసలోంచి మళ్ళీ ఆ మేకుకు, గజం దూరం చెయ్యి చాపుతూ, ముడుస్తూ తిప్పాలి. అదే ఆసు పోయడం. ఒక్క పట్టుచీరకు అట్లా తొమ్మిదివేలసార్లు చెయ్యి తిరగాలి. నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు పోస్తే పద్దెనిమిది వేలు. అది ఆడవాళ్ళ పని. దానికి వేరే మజూరి లేదు. సేటు చీరకింత అని కట్టి ఇచ్చేది నేసినవాడి చేతికి. ఆసు అందులోనే కలిసిపోయేది, పప్పులో ఉప్పులాగా.

మా వైపు 1970 దాకా నూలు చీరలే. తరవాతనే పట్టు వచ్చింది. మా అమ్మ కొత్త కోడలి వయసులో పట్టు ఆసు ముందు కూర్చుని, ముప్ఫై ఏళ్ళు లేవలేదు. ఇంటికి పెద్ద కూతురిని నేను. ఊళ్ళో నా ఈడు పిల్లలందరూ తల్లి చెయ్యి నొప్పెడితే ఆసు అందుకునేవాళ్ళు. నేను మాత్రం సరిగ్గా ఆ వేళకు పుస్తకం తెరిచేదాన్ని. చదువు మీద ప్రేమ అని అందరూ అనుకున్నారు. "దాన్ని సదువుకోనియ్యుండ్రి" అనేది అమ్మ. చదువు బాగానే వచ్చింది, అది వేరే సంగతి.

మల్లేశం గారి సంగతి మీరు వినే ఉంటారు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం. వాళ్ళమ్మ ఆసు పోయలేక పడే బాధ చూడలేక, బడి చదువు మధ్యలో ఆగిపోయిన ఆ మనిషి 1992లో మొదలుపెట్టి 1999 దాకా కిందా మీదా పడి ఆసు పోసే యంత్రం తయారు చేశాడు. తల్లి పేరే పెట్టాడు దానికి, లక్ష్మి అని. గంటన్నరలో చీరకు సరిపడా ఆసు పోస్తుంది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 2019లో సినిమా కూడా వచ్చింది. తల్లి చెయ్యి చూసి ఒక కొడుకు యంత్రం కనిపెట్టాడు. ఒక కూతురు ఇంటర్మీడియట్ పాసయింది. మా ఇంటికి ఆ యంత్రం వచ్చేసరికి మా అమ్మ భుజం సంగతి అయిపోయింది. కొన్నాళ్ళకు నాన్న పోయారు. మగ్గం తీసేసి, గుంత పూడ్చి, పైన గచ్చు చేయించాం. ఇప్పుడక్కడ ఫ్రిజ్ ఉంది.

దుకాణాల వరసలోకి వచ్చాం. అక్కడ నా మనసు కుదుటపడింది. ఏటికొప్పాక లక్కబొమ్మలు, చేర్యాల నకాషీ పటాలు, పెంబర్తి ఇత్తడి, నిమ్మలకుంట తోలుబొమ్మలు. దేశం నలుమూలల నుంచీ వచ్చినవాళ్ళు నేలమీద దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు. కొండపల్లి బొమ్మల దగ్గర మా వారు ఆగి, ఇది తెల్లపొణికి కర్ర అనీ, చేతులూ కాళ్ళూ విడివిడిగా చెక్కి చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారనీ ఆ బొమ్మలు చేసినవాడికే చెప్పడం మొదలుపెట్టారు. అతను పాపం ఓపిగ్గా విని, ఏనుగు అంబారీ ఒకటి అంటగట్టాడు. బేరం లేదు. నేను పక్కన లేకపోతే ఇంతే.

వెదురు బుట్టల దగ్గర నా ప్రతాపం చూపించాను. నూట ఎనభై చెప్పిన బుట్ట నూట పదికి. "చూశావా" అన్నట్టు కోడలివైపు చూశాను. అబ్బాయి అప్పుడే అందరికీ కాఫీ తెచ్చాడు, బయట అద్దాల కొట్లోంచి. కప్పు రెండు వందల అరవై. ఎవరూ రెండడుగులు వెనక్కి వెయ్యలేదు. అక్కడ ధర గోడమీద ఇంగ్లీషులో రాసి ఉంటుంది గదా, గోడతో ఏం బేరం?

అసలు ఆ రోజు పని ఏమిటంటే, మాఘంలో మా వారి షష్టిపూర్తి. నాకు పట్టుచీర కొనాలని కోడలి పట్టుదల. పోచంపల్లి పేరు రాసి ఉన్న దుకాణం ముందు ఆగింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో, సన్నగా ఉన్న అబ్బాయి ఒక్కడే ఉన్నాడు. తనే నేసి తనే తెచ్చుకున్నాడట. "రండి మేడమ్, కూర్చోండి మేడమ్" అని చీరలు తీశాడు. పచ్చ, నీలం, ఆవపూవు రంగు. కోడలు ఒక్కొక్కటే భుజాన వేసుకుని అద్దం చూస్తోంది. మా అమ్మ పక్కనున్న ముక్కాలిపీట మీద కూర్చుంది. అతని వెనక దొంతరలోకి చూసి, "గా దానిమ్మ రంగుది తియ్యి బిడ్డా" అంది.

తీశాడు. దానిమ్మ గింజ రంగు చీర, ఒళ్ళంతా తెల్లని వజ్రాల గళ్ళు, సన్నటి అంచు. నాకు గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంది.

మా పెళ్ళి 1988లో. దానికి ముందు సంవత్సరం మా నాన్న సేటు దగ్గర పట్టు అప్పు తెచ్చి, ఇట్లాంటిదే ఒక చీర మొదలుపెట్టారు. దానిమ్మ రంగే. ఆసు అమ్మే పోసింది. పగలు సేటు చీరలకు పోసి, రాత్రి దీపం పెట్టుకుని దీనికి పోసేది. చీర పూర్తయి మగ్గం మీంచి దిగిన రోజు నేను ఏమన్నానో చెప్పమంటారా? "పెండ్లికి గూడ మగ్గం చీరేనా? నాకొద్దు, దుకాణంల కంచిపట్టు కొనుండ్రి" అన్నాను. డిగ్రీ చదివిన పిల్లను. పట్నం సంబంధం. నాన్న ఏమీ అనలేదు. ఆ చీర సేటుకే ఇచ్చి, అప్పులో పట్టు ధర తగ్గించుకుని, మిగిలింది తెచ్చి కంచిపట్టులో పెట్టారు. ఆ సంగతి మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అమ్మ ఇప్పుడు కూడా ఎత్తలేదు. దానిమ్మ రంగుది తియ్యమంది, అంతే.

నాకేం చెయ్యాలో తోచలేదు. ఏం చెయ్యాలో తోచనప్పుడు నేను బేరంలోకి దిగుతాను.

"ఎంత?" అన్నాను, మొహం చిట్లించి.

"తొమ్మిదివేల అయిదు వందలు మేడమ్. సిల్క్ మార్క్ ఉంది, చూడండి."

"ఆరు వేలు."

అతను నవ్వాడు. నేను రెండడుగులు వెనక్కి వెయ్యబోతుంటే, అమ్మ చీరను ఒళ్ళోకి లాక్కుని, అంగుళం అంగుళం తడమడం మొదలుపెట్టింది. కంట్లో శుక్లాలు తీయించుకున్నాక ఆవిడకు చూపు బాగా ఆనుతుంది. అయినా వేళ్ళతోనే చూస్తుంది. ఒకచోట ఆగింది.

"బిడ్డా, ఇక్కడ కట్టు వదులైనట్టున్నది."

అతను ముందుకు వంగి చూశాడు. ఒక వజ్రం మొన దగ్గర తెలుపులోకి ఎరుపు ఇంత పాకింది. గోరంత. అమ్మ అక్కణ్ణుంచి జానతో కొలుచుకుంటూ పోయి, చీర ఇంకోచోట వేలు పెట్టింది. "ఇగో, ఇక్కడ గూడ ఉంటది." ఉంది. ఒక కట్టులో దొర్లిన తప్పు, ఆ డిజైను తిరిగొచ్చినప్పుడల్లా మళ్ళీ వస్తుంది గదా.

అతని మొహం విప్పారింది. "నువ్వు మనోళ్ళేనా పెద్దమ్మా? రబ్బరు పాతబడ్డది. రంగుల వేసినంక చూసిన. ఇప్పటిదాక ఎవలూ పట్టుకోలే."

ఇదే అదను. నేను చీర కొంగు అందుకుని, ఆ ఎర్రమరక మీద వేలుతో రెండుసార్లు కొట్టి, "చూడు, ఇక్కడ తప్పుంది. ఇక్కడ కూడా ఉంది. తప్పుపడ్డ మాలుకు ఆ ధర ఎట్లా ఇస్తారు? అయిదున్నర" అన్నాను.

నా మాట నాకే వినిపించింది. ఎక్కడో విన్న గొంతు. పదేళ్ళ పిల్లను, నాన్న వెనకాల మూట పట్టుకుని సేటు అరుగు ముందు నిలబడేదాన్ని. సేటు చీర పరిచి, సరిగ్గా ఇట్లాగే వేలుతో రెండుసార్లు కొట్టి, "ఇక్కడ తప్పుంది, ఇక్కడ కూడా ఉంది" అనేవాడు. మజూరిలో కోత. నాన్న చేతులు కట్టుకుని, తప్పు వంక కాక సేటు చెప్పుల వంక చూస్తూ నిలబడేవారు. దారిలో ఒక్క మాట మాట్లాడేవారు కాదు.

అమ్మ నావైపు చూసింది. కోపం కాదు. కోపమైనా బాగుండేది.

"నేను జెప్పింది ఆయనకే. నీకు గాదు."

కోడలికి ఏమీ అర్థం కాలేదు. మా వారు పోస్టరు వదిలి దగ్గరకు వచ్చారు. ముప్ఫయ్యేడేళ్ళలో మొదటిసారి బేరం మధ్యలో నా పక్కన నిలబడ్డారు.

అమ్మ ఇంకేమీ అనకుండా పీట ముందుకు జరుపుకుని అతనితో లెక్కలో పడింది. పట్టు కిలో ఇప్పుడెంత నడుస్తున్నది? ఈ చీరకు ఎంత పట్టింది? రంగుకెంత? చిటికి కట్టింది ఎవలు? అతను చెబుతుంటే వేళ్ళ కణుపుల మీద వేసుకుంటోంది. నిలువు పోగుకింత, నేతకింత, ఇక్కడికి రాను పోను ఖర్చింత. ఇద్దరూ చుట్టూ ఉన్నవాళ్ళను మరిచిపోయారు. నన్ను ఆవిడ కూతురినని తెలిశాక అతను "మేడమ్" మానేసి "అక్కా" అంటున్నాడు. మేడమ్‌గా ఉన్నంతసేపే బేరం సులువు. అక్కనయ్యాక నోరు లేవదు.

"ఆసుకు ఎంత ఏసినవ్?" అంది అమ్మ.

"ఆసుకు ఏమేస్తం పెద్దమ్మా? ఇంట్ల పనే గదా. మా ఆమె మిషన్ మీద పోస్తది."

"ఎయ్యి."

"ఆఁ?"

"ఆసుకు ఎయ్యి. మిషన్‌కు కరెంటు బిల్లు వస్తలేదా? తెగిన పోగు అతుకనీకె మనిషి కూసుంటలేదా? ఊకెనే అయితదా?"

అతను ఇబ్బందిగా నవ్వాడు. ఆమే వేసింది. అంకె చెప్పి, తన ఎడమచేతి కణుపుల మీద కలిపింది. మొత్తం పది వేలకు చేరింది. "తప్పుకు అయిదు వందలు తీసెయ్యి. తప్పు తప్పే. మిగిలింది తొమ్మిదివేల అయిదు నూర్లు. నువ్వు జెప్పిందే." కర్ర పట్టుకుని లేచి నిలబడి, కోడలితో "ఇచ్చెయ్యి బిడ్డా" అంది.

కోడలు ఫోన్ పట్టి అక్కడున్న గళ్ళ బొమ్మను చూపించింది. దుకాణంలో డబ్బాలోంచి డబ్బు ముట్టినట్టు ఒక ఆడగొంతు ప్రకటించింది. అతను చీర మడిచి సంచిలో పెడుతూ, "పెద్దమ్మా, అక్కకు రుమాలు గుడ్డ ఒకటి ఊకెనే ఇస్తా" అన్నాడు. మామూలుగా అయితే కొసరుకు నేను మొహమాటపడను. ఆ రోజు మాత్రం వద్దన్నాను. అబ్బాయి నా నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు, జ్వరం ఏమైనా ఉందేమోనని.

బయటికి వచ్చేటప్పుడు మళ్ళీ ఆ మగ్గం బొమ్మ ముందు నుంచే దారి. అమ్మ ఈసారి ఆగలేదు. నేనే ఆమె పక్కకు జరిగి, "అమ్మా, డాక్టరు అడిగినప్పుడు ఏం పనిలేదని ఎందుకన్నవే?" అన్నాను. నాకు తెలియకుండానే ఊరి మాట వచ్చింది.

"ఏం జెప్పాలె? ఆయనకు ఆసంటే ఎరుకనా?" అంది. ఓ నాలుగడుగులు నడిచాక, "నువ్వన్న చెప్పకపోతివి" అంది.

తిరుగు రైల్లో మనవరాలు ఇంకా సెలవులేనని మాతోనే వచ్చింది. మా వారు ఏనుగు అంబారీని ఒళ్ళో పెట్టుకుని కునుకు తీశారు. చీర సంచి నా ఒళ్ళో ఉంది. తీసి చూడాలనిపించింది గానీ, ఎదురుగా అమ్మ ఉంది.

"తాతమ్మా, ఆసు అంటే ఏంటి?" అంది మనవరాలు. దుకాణంలో విన్నట్టుంది.

అమ్మ కుడిచెయ్యి ఎత్తి చూపించబోయింది. భుజం దగ్గర ఆగిపోయింది. అప్పుడు ఎడమచేత్తో పిల్ల చెయ్యి పట్టుకుని, ఎదుటి సీటు కొసను ఒంటి మేకు చేసి, రైలు కిటికీ మీద అర్ధచంద్రంలా వేలితో చుక్కలు పెట్టి, "ఇటు నుంచి అటు. అటు నుంచి మల్ల ఇటు. పోగు తెగొద్దు. లెక్క తప్పొద్దు" అంది. పిల్ల మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పక్కన మెళ్ళో ఆఫీసు బిళ్ళ వేసుకున్న కుర్రాడొకడు చెవుల్లోంచి తీగలు తీసేసి చూడసాగాడు. "మోచెయ్యి గాదు, భుజం తిప్పాలె" అని అమ్మ సవరించింది.

అమీర్‌పేట వచ్చేసరికి నూట ముప్ఫై ఒకటి. పిల్ల చెయ్యి దించేసి, రెండో చేత్తో నొక్కుకుంది.

"ఇంకా ఎన్ని పొయ్యాలి తాతమ్మా?"

అమ్మ నావైపు ఒకసారి చూసి, "మీ నాయనమ్మను అడుగు. గామె లెక్కలల్ల మంచిది" అంది.

నేను చీర సంచి సీటు మీద పెట్టి, చెయ్యి చాపాను.